అమెరికా మరణాల పట్టికలో జాతి తేడాలను చదివే పద్ధతి

అమెరికా జాతీయ ఆరోగ్య గణాంక కేంద్రం ప్రకటించే ఆయుర్దాయ పట్టికలో 2021 సంవత్సరం దగ్గర ఆగి చూస్తే, ఆసియన్లకు సుమారు 83.5 ఏళ్ళు, హిస్పానిక్‌లకు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారికి) 78, తెల్లవారికి 76.5, నల్లవారికి 71, ఆ నేలకు మూలవాసులైన అమెరికన్ ఇండియన్లకు 65 ఏళ్ళు కనిపిస్తాయి. ఒకే దేశంలో, ఒకే ఏడాదిలో, పై అంకెకూ కింది అంకెకూ మధ్య పద్దెనిమిదేళ్ళ దూరం ఉంది. ఇలాంటి పట్టికను చేతిలోకి తీసుకున్న విలేకరులూ, ప్రజారోగ్యం చదవడానికి అక్కడికి వెళ్ళిన మన విద్యార్థులూ తరచు రెండు మాటలలో ఒకదాని దగ్గర ఆగిపోతారు. అది వాళ్ళ రక్తంలోనే ఉందన్నది ఒక మాట, అంతా పేదరికమే అన్నది రెండో మాట. ఈ రెండూ విచారణను మొదలుపెట్టకముందే ముగించేవే.

పట్టికలోని అంకె నుంచి దాని కారణం దాకా వెళ్ళే దారిని ఇక్కడ వివరిస్తున్నాను. దారి పొడవునా అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ తేడా ఎప్పుడు కదిలింది, ఎక్కడ కదిలింది? ఊరు మారినప్పుడో, దశాబ్దం మారినప్పుడో, చట్టం మారినప్పుడో తేడా పెరగడమో తగ్గడమో జరిగితే, దానితో పాటు ఇంకేమి మారిందో వెతకాలి. 1900లో తెల్లవారి ఆయుర్దాయం 47.6 ఏళ్ళు, తెల్లవారు కానివారిది 33 ఏళ్ళు. 2019 నాటికి తెల్లవారికీ నల్లవారికీ మధ్య తేడా నాలుగేళ్ళకు తగ్గింది. కోవిడ్ కాలంలో, అంటే ఒకటి రెండు సంవత్సరాలలోనే, అది మళ్ళీ అయిదేళ్ళు దాటింది. రక్తం అంత త్వరగా మారదు.

ముందు అంకెనే పరీక్షించండి

కారణాల జోలికి వెళ్ళేముందు, జాతి అనే గడిని ఎవరు నింపారో తెలుసుకోవాలి. జనగణనలో తన జాతి ఏమిటో మనిషి తానే చెప్పుకుంటాడు. మరణ ధ్రువపత్రంలో ఆ గడిని సాధారణంగా అంత్యక్రియలు జరిపించే సంస్థవారు కుటుంబాన్ని అడిగి, ఒక్కోసారి అడగకుండా చూపును బట్టి, నింపుతారు. మరణాల రేటులో లవం ఒక పత్రం నుంచీ హారం మరో పత్రం నుంచీ వస్తున్నాయన్నమాట. దీనివల్ల ఎక్కువగా నష్టపోయేది అమెరికన్ ఇండియన్ల లెక్క. వారిలో చాలామంది చనిపోయాక తెల్లవారిగా నమోదవుతారు కనుక, సవరణ చేయని రేట్లు వారి మరణాలను తక్కువ చేసి చూపుతాయి. శిశువుల విషయంలో మరో చిక్కు ఉంది. 1989కి ముందు బిడ్డ జాతిని తల్లిదండ్రులిద్దరి వివరాలనూ బట్టి నిర్ణయించి జననాలను పట్టికలకు ఎక్కించేవారు. ఆ తరువాత తల్లి జాతిని బట్టి ఎక్కిస్తున్నారు. పాత పట్టికనూ కొత్త పట్టికనూ పక్కపక్కన పెట్టే ముందు అడుగున ఉన్న చిన్న అక్షరాల గమనికను చదవడం తప్పనిసరి.

రెండో పరీక్ష వయసుది. తెల్లవారి మధ్యస్థ వయసు 44 ఏళ్ళ దగ్గర ఉంటే, హిస్పానిక్‌లది 30 దగ్గర ఉంది. ముసలివారు ఎక్కువగా ఉన్న సమూహంలో మరణాలు సహజంగానే ఎక్కువ. 2020లో కోవిడ్ మరణాలను జనాభాతో నేరుగా భాగిస్తే హిస్పానిక్‌ల రేటూ తెల్లవారి రేటూ దాదాపు సమానంగా వచ్చాయి. వయసు తేడాను సవరించి చూస్తే హిస్పానిక్‌ల రేటు రెండింతలు దాటింది. కాబట్టి వయసు సవరించిన రేటు కాని అంకెతో జాతులను పోల్చిన ఏ వార్తనైనా పక్కన పెట్టడం మంచిది.

మూడోది, జబ్బు రావడాన్నీ జబ్బుతో చనిపోవడాన్నీ వేరుగా చూడటం. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ నల్లజాతి స్త్రీలకు తెల్లజాతి స్త్రీల కంటే కొంచెం తక్కువగానే వస్తుంది, కానీ వారిలో దానివల్ల మరణించే రేటు దాదాపు 40 శాతం ఎక్కువ. 1980ల మొదట్లో ఈ రెండు సమూహాల మరణాల రేట్లు ఇంచుమించు ఒక్కటే. మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే పరీక్ష), కొత్త మందులు వచ్చిన తరువాతనే అవి విడిపోయాయి. నల్లజాతి స్త్రీలలో మొండి రకం కణితుల పాలు ఎక్కువన్నది నిజమే అయినా, ఆ ఒక్కటే కారణమైతే 1980లోనూ ఈ తేడా కనబడి ఉండాలి. వైద్యం మెరుగైన కొద్దీ తేడా పెరిగిందంటే, ఆ వైద్యం ఎవరికి ఎంత ఆలస్యంగా అందిందో వెతకాలి.

జన్యువుల ప్రశ్నను దాటవేయకండి

ఈ ప్రశ్నకు వందేళ్ళు దాటిన చరిత్ర ఉంది. 1896లో ప్రుడెన్షియల్ బీమా కంపెనీ గణాంక నిపుణుడు ఫ్రెడరిక్ హాఫ్‌మన్, నల్లజాతి వారి అధిక మరణాలు వారి జాతి లక్షణమేననీ, ఆ జాతి క్రమంగా అంతరిస్తుందనీ అంకెలతో వాదించాడు. నల్లవారికి బీమా ఇవ్వకపోవడానికి కంపెనీలకు అది అక్కరకు వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఇంటింటికీ తిరిగి సర్వే చేసిన నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యూ. ఇ. బి. డుబోయ్స్, 1899లోనూ 1906లోనూ ప్రచురించిన అధ్యయనాలలో, అవే మరణాలను ఇరుకు ఇళ్ళతో, మురుగుతో, కూలి పనులతో ముడిపెట్టి చూపించాడు. ఇద్దరి చేతిలో ఉన్నవీ ఒకే రకం అంకెలు. ఒకరు పట్టిక దగ్గరే ఆగిపోయారు, మరొకరు వీధిలోకి వెళ్ళారు.

నేడు ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మంచి మార్గం, ఒకే పూర్వీకులున్న వారు వేర్వేరు చోట్ల ఎలా ఉన్నారో పోల్చడం. 1997లో ఇద్దరు వైద్య పరిశోధకులు ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జననాల నమోదును తీసుకుని, అమెరికాలో పుట్టిన నల్లజాతి తల్లులు, ఆఫ్రికాలో పుట్టి వలస వచ్చిన తల్లులు, అమెరికాలో పుట్టిన తెల్లజాతి తల్లులు కన్న బిడ్డల బరువులను పోల్చారు. ఆఫ్రికా నుంచి వచ్చినవారి బిడ్డల బరువు తెల్లవారి బిడ్డల బరువుకు దగ్గరగా ఉంది. ఆఫ్రికా మూలాలే తక్కువ బరువుకు కారణమైతే ఫలితం దీనికి తలకిందులుగా ఉండాలి, ఎందుకంటే అమెరికా నల్లవారిలో ఐరోపా పూర్వీకుల వాటా కూడా కొంత ఉంది. అదే వలస తల్లుల కూతుళ్ళు అమెరికాలో పెరిగి తల్లులైనప్పుడు, ఆ తరంలో ఈ అనుకూలత కరిగిపోయినట్టు తరువాతి అధ్యయనం చూపింది.

అమెరికన్ ఇండియన్ తెగలలో ఒకటైన పీమా ప్రజల ఉదాహరణ కూడా ఈ కోవలోదే. ఆరిజోనాలోని పీమాలలో మధుమేహం 38 శాతం ఉంటే, సరిహద్దుకు అవతల మెక్సికోలోని సోనోరా కొండల్లో మైకోబా గ్రామ పరిసరాలలో ఉన్న వారి బంధుజనంలో అది 6.9 శాతమేనని 2006లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆరిజోనా పీమాలు హీలా నది నీటితో కాలువలు తవ్వి పంటలు పండించుకున్నవారు. పందొమ్మిదో శతాబ్దం చివరలో ఎగువన స్థిరపడిన వలసదారులు ఆ నీటిని మళ్ళించుకున్నారు, పొలాలు ఎండిపోయాయి, సొంత పంటల స్థానంలోకి ప్రభుత్వ రేషనుగా వచ్చిన మైదా, పంచదార, పందికొవ్వు చేరాయి. నీటి తగాదాల చరిత్ర బాగా తెలిసిన కృష్ణా ఆయకట్టు చివరి రైతుకు ఈ కథ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే జన్యువులకు పాత్రే లేదని రాస్తే అదీ తప్పే. కొందరు పశ్చిమ ఆఫ్రికా సంతతి వారిలో కనిపించే ఏపీఓఎల్1 అనే జన్యువు రకాలు మూత్రపిండాల జబ్బు అవకాశాన్ని నిజంగానే పెంచుతాయి. సికిల్ సెల్ జబ్బును అమెరికాలో నల్లవారి జబ్బుగా పిలుస్తారు, కానీ దాని పంపిణీని నిర్ణయించినది ఒకప్పటి మలేరియా ప్రాంతాల పటం. అందుకే అది ఆదిలాబాదు గోండులలోనూ విశాఖ మన్యంలోనూ ఉంది. ఫలానా జన్యువు, ఫలానా జబ్బు, ఎంతమందిలో అని పేరుపెట్టి చెప్పగలిగినప్పుడు జన్యు కారణాన్ని అంగీకరించండి. గుండె జబ్బు నుంచి శిశు మరణాల దాకా అన్నింటికీ కలిపి జాతి లక్షణమని చెబితే అంగీకరించకండి.

ఆదాయం దగ్గర ఆగవద్దు

నల్లవారి ఆదాయం తక్కువ కనుక ఆరోగ్యం తక్కువ అన్న వాక్యం అబద్ధం కాదు, కానీ సగం నిజమే. అమెరికా కేంద్ర బ్యాంకు 2022 సర్వే ప్రకారం తెల్లజాతి కుటుంబపు మధ్యస్థ ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది సుమారు 45,000 డాలర్లు. ఒకే జీతం ఉన్న రెండు ఇళ్ళలో ఒకదానికి తాతలు కొన్న ఇల్లు ఉండి, రెండోదానికి లేకపోతే, ఉద్యోగం పోయినప్పుడో ఆస్పత్రి పాలైనప్పుడో ఆ రెండు ఇళ్ళ గతి ఒక్కటి కాదు. ఆ తాతల ఆస్తి వెనుక చట్టాలున్నాయి. 1935 నాటి సామాజిక భద్రత చట్టం వృద్ధాప్య పింఛను నుంచి వ్యవసాయ కూలీలనూ ఇళ్ళలో పనిచేసేవారినీ మినహాయించింది. దక్షిణాది నల్లవారిలో అత్యధికులు ఆ రెండు పనులలోనే ఉండేవారు. ఉద్యోగ విపణిలో కూడా ఇదే తీరు కొనసాగింది. 2004లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో బోస్టన్, షికాగో నగరాల ప్రకటనలకు ఒకేలాంటి అర్హతలతో దరఖాస్తులు పంపితే, తెల్లవారి పేర్లున్న వాటికి నల్లవారి పేర్లున్న వాటికంటే 50 శాతం ఎక్కువగా పిలుపులు వచ్చాయి.

ఇక్కడే గణాంకాలు చదివేవారు ఎక్కువగా పొరబడే చోటు ఒకటి ఉంది. ఆదాయం, చదువు, ఇల్లు అన్నీ సమం చేసి లెక్కిస్తే జాతుల మధ్య తేడా చాలావరకు పోయింది కనుక జాతివివక్షకు పాత్ర లేదని కొన్ని వ్యాసాలు తేల్చేస్తాయి. ఆదాయాన్నీ చదువునూ ఇంటినీ వివక్షే నిర్ణయించినప్పుడు, వాటిని సమం చేయడమంటే వివక్ష నడిచి వచ్చిన బాటను లెక్కలోంచి తుడిచేయడమే. అలాంటి లెక్క, ఏ మార్గం ద్వారా హాని జరిగిందో చెబుతుంది తప్ప హాని జరగలేదని చెప్పదు. సమం చేశాక కూడా తేడా మిగిలితే, మిగిలినదంతా జన్యువులేనన్న వాదననూ ఒప్పుకోకూడదు. కొలవనివి ఇంకా చాలా ఉంటాయి.

అలా మిగిలిన తేడాకు అన్నింటికంటే కఠినమైన ఉదాహరణ ప్రసవ మరణాలు. 2007 నుంచి 2016 వరకు లెక్కలు తీస్తే, కళాశాల పట్టా ఉన్న నల్లజాతి స్త్రీలలో గర్భసంబంధ మరణాల రేటు అదే చదువున్న తెల్లజాతి స్త్రీల రేటుకు 5.2 రెట్లు. ఉన్నత పాఠశాల చదువు కూడా పూర్తి చేయని తెల్లజాతి స్త్రీలతో పోల్చినా అది 1.6 రెట్లు. చదువుతో తీరని ఈ తేడాను వివరించడానికి ప్రజారోగ్య పరిశోధకురాలు ఆర్లీన్ జెరోనిమస్ 1992లో ఒక ప్రతిపాదన చేశారు. నిత్యం అవమానాన్నీ అభద్రతనూ తట్టుకుంటూ బతికే శరీరం వయసుకు ముందే అరిగిపోతుందన్నది దాని సారం. తెల్లజాతి స్త్రీలకు ఇరవైల వయసులో ప్రసవం క్షేమంగా ఉంటే, నల్లజాతి స్త్రీలకు వయసు పెరిగే కొద్దీ ముప్పు త్వరగా పెరగడం ఆమెను ఈ ఆలోచనకు నడిపించింది. దీనిని నేను బలమైన ప్రతిపాదనగానే రాస్తాను. ఈ మరణాలలో ఎంత భాగం అరుగుదల వల్ల, ఎంత భాగం ఆస్పత్రిలో మాట వినిపించుకోకపోవడం వల్ల అన్నది విడదీయడం తేలిక కాదు.

ఇంటి చిరునామాను వెతకండి

షికాగోలో స్ట్రీటర్‌విల్ ప్రాంతపు ఆయుర్దాయం సుమారు 90 ఏళ్ళనీ, అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలోని ఎంగిల్‌వుడ్‌లో సుమారు 60 ఏళ్ళనీ 2019లో ఒక విశ్లేషణ చూపింది. మొదటిది తెల్లవారు ఎక్కువగా ఉండే సంపన్న ప్రాంతం, రెండోది దాదాపుగా నల్లవారిదే. ఇలాంటి జత దొరికినప్పుడు ఆ ఊరి పాత పటాలను తెరవాలి. 1930ల రెండో సగంలో గృహ రుణాల కోసం ఏర్పడిన కేంద్ర సంస్థ రెండు వందలకు పైగా నగరాలను నాలుగు రంగులుగా గుర్తించింది. ఆకుపచ్చ అన్నిటికంటే మంచిది, ఎరుపు అప్పుకు ప్రమాదకరం. ఎర్ర ప్రాంతాలలో తెల్లవారూ చాలామంది ఉన్నారన్నది మరిచిపోకూడదు, కానీ నల్లవారిలో అత్యధికులు ఎర్ర ప్రాంతాలలోనే ఉన్నారు. 1934లో వచ్చిన గృహ రుణ హామీ పథకం కూడా నల్లవారి పేటలను పక్కన పెట్టింది. ఇళ్ళ అమ్మకంలో, అద్దెలో వివక్షను నిషేధించిన చట్టం 1968లో గాని రాలేదు. అంటే ఒక తరం మొత్తం ఇల్లు కొనుక్కుని పైకి వచ్చిన కాలంలో మరొక జనానికి అప్పు పుట్టలేదు.

పటం నుంచి శరీరం దాకా గొలుసును ఒక్కొక్క లింకుగా రాయగలిగితేనే కారణం చెప్పినట్టు. 108 అమెరికా నగరాలను పరిశీలించిన 2020 నాటి అధ్యయనంలో, ఒకప్పటి ఎర్ర ప్రాంతాలు అదే నగరాలలోని మిగతా ప్రాంతాలకంటే సగటున 2.6 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉన్నట్టు తేలింది. పెట్టుబడి రాని చోట చెట్లూ పార్కులూ లేవు, చౌక భూమి కనుక రహదారులూ గోదాములూ అటే వచ్చాయి, తారూ కాంక్రీటూ వేడిని పట్టి ఉంచాయి, వేసవిలో గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు ముందుగా ఆస్పత్రి పాలయ్యారు. నీటి విషయంలో మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం కథ తెలిసిందే. సగానికి పైగా నల్లవారున్న ఆ ఊరిని ఎన్నికైనవారు కాక, రాష్ట్రం నియమించిన అత్యవసర అధికారి నడుపుతున్న కాలంలో, 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించడానికి నీటి వనరును నదికి మార్చారు. తుప్పును ఆపే రసాయనం కలపలేదు. పాత గొట్టాల సీసం కుళాయిలలోకి చేరింది. తల్లుల ఫిర్యాదులను ఏడాదికి పైగా ఎవరూ లెక్కచేయలేదు.

ఇల్లు నిజంగా కారణమేనా, లేక ఆరోగ్యం సరిగా లేనివారే అలాంటి పేటలకు చేరుతున్నారా అన్న అనుమానం న్యాయమైనదే. దానికి జవాబుగా 1994లో మొదలైన ప్రయోగాన్ని చూడవచ్చు. అయిదు నగరాలలో కడు పేద పేటల కుటుంబాలను లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువ ఉన్న ప్రాంతానికి మారడానికి సాయం ఇచ్చారు. పది, పదిహేనేళ్ళ తరువాత పరీక్షిస్తే, ఆ అవకాశం దక్కిన స్త్రీలలో తీవ్ర స్థూలకాయం, మధుమేహం తక్కువగా ఉన్నాయి. ఆదాయాలు పెద్దగా పెరగలేదు, ఆరోగ్యంలో మాత్రం మార్పు వచ్చింది.

ఆస్పత్రి గుమ్మం

చట్టం మారిన రోజును తేదీతో సహా పట్టుకోగలిగిన చోట కారణం అన్నింటికంటే స్పష్టంగా దొరుకుతుంది. 1946 నాటి ఆస్పత్రుల నిర్మాణ చట్టం జాతుల వారీ ఆస్పత్రులకు కూడా కేంద్ర నిధులు ఇవ్వడానికి వీలు కల్పించింది. 1963లో నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరో ఆస్పత్రిపై వేసిన కేసులో అప్పీలు కోర్టు ఆ వీలును కొట్టేసింది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చింది. 1966 జులై 1న వృద్ధుల ఆరోగ్య బీమా అయిన మెడికేర్ అమలు మొదలైనప్పుడు, జాతి వేరు పాటించే ఆస్పత్రికి ఆ డబ్బు రాదని ప్రభుత్వం చెప్పింది. కోర్టులు ఏళ్ళ తరబడి సాధించలేనిది కొద్ది నెలల్లో జరిగింది. మిస్సిసిపీలో అటు తరువాత కొన్నేళ్ళలోనే, నెల దాటిన నల్లజాతి శిశువులలో విరేచనాల వల్ల, న్యుమోనియా వల్ల మరణాలు వేగంగా తగ్గాయి. సెలైన్‌తో, యాంటీబయాటిక్‌తో ఆగే మరణాలే తగ్గాయన్నది గమనించదగ్గది. పుట్టిన తొలి రోజుల మరణాలను ఆపగల వైద్యం అప్పటికి అంతగా లేదు.

ఇప్పటి బీమా పటం కూడా అటువంటిదే. 2010 ఆరోగ్య చట్టం పేదల బీమాను విస్తరించింది, 2012లో సుప్రీంకోర్టు దానిని రాష్ట్రాల ఇష్టానికి వదిలింది, 2024 నాటికి కూడా పది రాష్ట్రాలు ఒప్పుకోలేదు. టెక్సస్, ఫ్లోరిడా, జార్జియా, అలబామా, మిస్సిసిపీ వాటిలో ఉన్నాయి. నల్లవారు ఎక్కువగా ఉన్న దక్షిణాదే ఇది. ఆస్పత్రి లోపల పరికరాలూ లెక్కలూ కూడా నిష్పక్షపాతంగా లేవు. వేలికి తగిలించే ఆక్సిమీటరు నల్లజాతి రోగులలో ప్రాణవాయువు పడిపోవడాన్ని తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా గుర్తించలేకపోతోందని 2020లో తేలింది. మూత్రపిండాల పనితీరును అంచనా వేసే సూత్రం 1999 నుంచి నల్లవారికి ఒక గుణకం కలిపి, జబ్బును తక్కువ చేసి చూపుతూ వచ్చింది. 2021లో దానిని తొలగించారు. ఈలోగా ఆ గుణకం వల్ల మూత్రపిండ మార్పిడి జాబితాలోకి ఆలస్యంగా చేరినవారు ఉన్నారు. ఆరోగ్య అవసరాన్ని ఖర్చుతో కొలిచే కంప్యూటరు పద్ధతి, తక్కువ ఖర్చు పెట్టగలిగిన నల్లవారిని ఆరోగ్యవంతులుగా లెక్కించిందని 2019లో బయటపడింది.

ఎదురు నిలిచే అంకెలను దాచకండి

హిస్పానిక్‌లు సగటున తెల్లవారికంటే పేదవారు, బీమా కూడా తక్కువ, అయినా 2019లో వారి ఆయుర్దాయం దాదాపు 82 ఏళ్ళు, తెల్లవారిది 79 లోపు. ఆరోగ్యం గట్టిగా ఉన్నవారే వలస రావడం, పొగతాగడం తక్కువ కావడం ఇందుకు చెప్పే ప్రధాన కారణాలు. కోవిడ్‌లో ఈ అనుకూలత చాలావరకు కొట్టుకుపోయింది. మాంసం శుద్ధి కర్మాగారాలలో, పొలాలలో, నిర్మాణ పనులలో ఇంటి నుంచి పని చేసే వీలు లేదు. తెల్లవారిలో కూడా పట్టా లేని నడివయసు వారి మరణాలు పెరుగుతున్నాయని 2015లో ఆర్థికవేత్తలు ఆన్ కేస్, ఆంగస్ డీటన్ చూపారు. మాదకద్రవ్యాలు, మద్యం, ఆత్మహత్యలు వాటిలో ముఖ్యం. గనులూ మిల్లులూ మూతపడిన ఊళ్ళలో తెల్ల చర్మం ఎవరినీ కాపాడలేదు.

చివరిగా, మన కంటికి ముందుగా ఆనే ఆసియన్ల వరుస. 1970 జనగణనలో అమెరికాలోని భారతీయులను తెల్లవారి కింద లెక్కించారు, 1980 నుంచి ఆసియన్ల కింద వేరే గడి ఇచ్చారు. 1965 వలస చట్టం తరువాత వెళ్ళిన మన వైద్యులూ ఇంజినీర్లూ చదువుతో, ఆరోగ్య పరీక్షలతో వడపోసి పంపినవారు. వారి అంకెలు, లావోసు నుంచో కంబోడియా నుంచో శరణార్థులుగా వచ్చినవారి అంకెలతో ఒకే సగటులో కలిసిపోతాయి. ఆ 83.5 ఏళ్ళను చూసి తెలుగువారు దీర్ఘాయుష్కులని రాయడానికి ఆధారం లేదు. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా సంతతిని గుండె జబ్బు ముప్పును పెంచే అంశాలలో ఒకటిగా పేర్కొన్నాయి. 2010లో మొదలై షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాల దక్షిణాసియా వారిని అనుసరిస్తున్న, మసాలా (MASALA) అనే పేరుగల అధ్యయనం లాంటివి ఉన్నాయి కనుక, ఆసియన్ అన్న శీర్షిక కింద వార్త రాయవలసి వస్తే ముందు భారతీయుల అంకెను విడిగా వెతకండి. అది దొరకకపోతే ఆసియన్ల సగటును మనకు ఆపాదించకుండా, అది ఎవరెవరి సగటో ఒక వాక్యంలో చెప్పండి.